అబ్దుల్లాపూర్‌మెట్‌లో పట్టు పరీక్ష

యాత్ర అనగానే ఏ కాశీకో కేదారానికో వెళ్లొచ్చానని అనుకోకండి. నేను వెళ్లింది దిల్‌సుఖ్‌నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్‌కు. మామూలు రోజుల్లో కిటికీ పక్కన సీటు దొరికి, ఒక కునుకు తీసి లేచేసరికి వచ్చేసే ఊరది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ ఏడాది దసరా సెలవుల్లో మాత్రం అక్కడికి చేరడానికి నాకూ పద్మజకూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా పట్టింది. ఇప్పుడు వెళ్లేవాళ్లకు ఏ తిప్పలూ లేవు. ఎల్బీ నగర్ దాకా మెట్రో ఉంది. అక్కడ దిగితే విజయవాడ రోడ్డు వైపు బస్సులు వరసగా ఆగి ఉంటాయి. మేం వెళ్లినట్టు వెళ్లమని ఎవరికీ సలహా ఇవ్వను.

ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. మాది పోచంపల్లి పక్క పల్లె, మగ్గాల ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు చీరల కొట్టుంది. పగలంతా చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతపెట్టే నేను సాయంత్రం ఒక స్కూలు మేడ మీది రేకుల షెడ్డులో ఐకిడో నేర్పుతాను. అది జపాన్ విద్య. ఎదుటివాళ్లు మన మణికట్టు పట్టుకుంటే బలానికి బలం ఎదురుపెట్టం. వాళ్ల ఊపుతోనే తిరిగి వాళ్లను కింద పడేస్తాం. పడినవాళ్లు దొర్లి లేచి మళ్లీ పట్టుకుంటారు. కొట్టడం, తన్నడం ఉండవు. మా అత్తగారు దీన్ని ‘పట్టుకునుడు, పడుడు’ అని రెండు ముక్కల్లో తేల్చేసింది. హాస్టల్ అమ్మాయిలు, ఇళ్లలో పని ముగించుకుని వచ్చే ఆడవాళ్లు, మొత్తం మీద షెడ్డు నిండేది.

నాకు నేర్పింది మూర్తి సార్. బ్యాంకులో ఆఫీసరు, బెంగళూరు నుంచి బదిలీ మీద వచ్చి ఈ క్లాసు మొదలుపెట్టారు. ఆయన గురువు బెంగళూరులో ఉండే కామత్ సార్. కామత్ సార్‌కు నేర్పింది జపాన్‌కు చెందిన ఒక పెద్దావిడ. ఆమెను అందరూ సెన్సే అంటారు, అంటే గురువుగారు అని. కాబట్టి నా గోత్రం ఎవరైనా అడిగితే మూడు తరాలు గుక్కతిప్పుకోకుండా చెప్పగలను. మూర్తి సార్‌కు మళ్లీ బదిలీ అయినప్పుడు క్లాసు నా నెత్తిన పెట్టి వెళ్లారు. అప్పటినుంచి నా చదువంతా సెమినార్లలోనే. చెన్నైలో ఒకసారి పాదం ఎలా తిప్పాలో, బెంగళూరులో ఒకసారి భుజం ఎలా దించాలో పెద్దవాళ్ల దగ్గర చూసి, తిరిగొచ్చి నెలల తరబడి షెడ్డులో నెమరు వేసుకునేదాన్ని.

ఈసారి సెన్సే స్వయంగా హైదరాబాద్ వస్తున్నారు. నాకు నేర్పే అర్హత ఉందో లేదో పరీక్ష పెడతారు. స్కూలు వాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పేశారు, అర్హత ఉన్న టీచరైతేనే షెడ్డు, లేకపోతే దసరా తర్వాత ఖాళీ చేయమని. సెన్సే ఆదివారం మధ్యాహ్నమే చెన్నై వెళ్లిపోతారు. అంటే శని, ఆదివారాలు జరిగే ఆ సెమినార్‌లో నెగ్గితే క్లాసు ఉంటుంది, లేకపోతే చాపలు చుట్టేయాలి.

పరీక్షకు జోడీ కావాలి. నా జోడీ పద్మజ. ఆమెది తెనాలి. పెళ్లయి కొత్తపేటకు వచ్చింది, కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. ఎనిమిదేళ్లుగా ఆమె నా మణికట్టు పట్టుకుంటోంది, నేను ఆమెను పడేస్తున్నాను. ఉద్యమం ముదిరాక మా మధ్య ఎవరూ పైకి అనని ఒప్పందం ఒకటి కుదిరింది. చాప మీద రాజకీయం మాట్లాడకూడదు. ‘ఏమే’ పోయి ‘పద్మజ గారూ’ వచ్చింది. ఇదివరకు ఆమె మా కొట్టుకొస్తే తిన్నగా లోపలికి వెళ్లి టీ పెట్టుకునేది. ఇప్పుడు నేను కుర్చీ వేసి, బయటినుంచి టీ తెప్పించేదాన్ని. దీన్ని సంస్కారం అనుకున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో బయల్దేరాం. అసలు సెమినార్ అక్కడే ఒక హాల్లో జరగాల్సింది. బంద్‌లూ ఊరేగింపులూ చూసి హాలు వాళ్లు చేతులెత్తేశారు. కామత్ సార్ అప్పటికప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న ఒక హాస్టల్ బడిని మాట్లాడారు. సెలవులు కాబట్టి అది ఖాళీగా ఉంది. బెంగళూరు, చెన్నై వాళ్లు బంద్‌కు ముందే చేరిపోయారు. దగ్గరే కదా అని నిశ్చింతగా ఉన్న మేమే మిగిలిపోయాం. పక్కింటి పెళ్లికి ఆలస్యంగా వెళ్లినట్టయింది మా పని.

ఆర్టీసీ బస్సులు సమ్మెలో ఉన్నాయి, ఆటోలు లేవు. తలా ఒక సంచీ, అందులో తెల్లటి దుస్తులు, రెండు నీళ్ల సీసాలు, అటుకులు. ఇవి కాక మా సాధనలో వాడే రెండు కొయ్య కత్తులు. పోచంపల్లి గుడ్డలో చుట్టి నేనే భుజాన వేసుకున్నాను. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయిల బండి ఒక్కటే కనిపించింది. నాలుగు కొనుక్కుని, తింటూ నడిచాం. ఎండ ఇంకా ముదరలేదు. వాహనాలు లేని రోడ్డు అంత వెడల్పుగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగాల్సి వచ్చింది. ఒక కానిస్టేబుల్ నా భుజం మీది మూట చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏందమ్మా గవి, లాఠీలా?”

“కొయ్య కత్తులు సార్. పరీక్షకు పోతున్నం.”

“కత్తుల పరీక్షనా? హాల్ టికెట్ ఏది మరి?”

నేను బిక్కమొహం వేశాను. అప్పటికే జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు నలుగురైదుగురు చుట్టూ మూగారు. ఒకడు ఆసక్తిగా, “కరాటేనా అక్కా?” అని అడిగాడు. కాదు, ఇందులో కొట్టుడు ఉండదు, పట్టుకున్నోణ్ణి తిప్పి పడేసుడే అని చెప్పాను. “గిదైతే మాకు మస్తు పనికొస్తది. ఢిల్లీ పట్టుకొని ఒదుల్తలేదు, మాకు జర నేర్పియ్యరాదు!” అన్నాడు. కానిస్టేబుల్‌కు కూడా నవ్వొచ్చింది. మూట గట్టిగా కట్టుకోమని, ఎవరికీ కనపడనీయొద్దని చెప్పి వదిలేశాడు.

ఇంత జరుగుతున్నా పద్మజ నోరు విప్పలేదు. విప్పనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ దాటుతుండగానే, “మీరు ఎవరితోటి మాట్లాడకుండ్రి, అన్నీ నేను చూసుకుంట” అని చెప్పేశాను. ఆమె యాస వింటే ఎవరేమంటారోనని నా భయం.

చౌరస్తా మధ్యలో వంటావార్పు నడుస్తోంది. రోడ్డును దిగ్బంధం చేసి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, వచ్చినవాళ్లందరికీ వడ్డించడం ఆ ఉద్యమంలో ఒక పద్ధతి. ధూమ్‌ధామ్‌గా డప్పులు, పాటలు. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంజులో అన్నం పొంగుతోంది. పదకొండు కాకముందే వడ్డన మొదలైంది. దాటి వెళ్లబోతుంటే ఒక పెద్దమ్మ మా దారికి అడ్డంగా నిలబడింది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చేతిలో గరిటె.

“తినకుంట ఎట్ల పోతరు? కూసోండ్రి.”

ఇస్తరాకుల్లో అన్నం, పప్పు, పచ్చిపులుసు. ఆకలి మీద ఉన్నామేమో, అమృతంలా ఉంది. పెద్దమ్మ పద్మజకు మారు వడ్డించింది, మళ్లీ వడ్డించింది. ఆమె తల ఊపడమే తప్ప పలకకపోయేసరికి నావైపు తిరిగింది.

“ఏంది బిడ్డా, గీ అమ్మ నోరు తెరుస్తలేదు?”

“గొంతు కూసున్నది పెద్దమ్మా. మాట ఒస్తలేదు.”

“అయ్యో, చెప్పొద్దా మరి! గట్లైతే పులుసు తాకొద్దు బిడ్డా.” పెద్దమ్మ పచ్చిపులుసు పోసిన ఆకు తీసేసి, ఇంకో ఆకులో వేడన్నం, పప్పు పెట్టి, మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో కూడా చెప్పింది. పద్మజ రెండు చేతులూ జోడించి తలవంచింది. గండం గడిచిందని నేను సంతోషపడ్డాను.

అక్కడినుంచి వనస్థలిపురం దాకా నడిచాక ఒక పాల వ్యాన్ దొరికింది. డ్రైవర్ ఖాళీ క్యాన్లు తీసుకుని పెద్దఅంబర్‌పేట వైపు పోతున్నాడు. “పాల బండికి, దవాఖాన బండికి బంద్ లేదక్కా. ఎక్కుండ్రి గని, క్యాన్లు పట్టుకొని కూసోండ్రి, దొర్లుతయి” అన్నాడు. క్యాన్లు మమ్మల్ని పట్టుకున్నాయో, మేం క్యాన్లను పట్టుకున్నామో తెలియదు గానీ హయత్‌నగర్ దాటేశాం. పెద్దఅంబర్‌పేటలో దింపి, కిరాయి ఇస్తే తీసుకోలేదు. మిగిలిన దూరమంతా నడకే. జాతీయ రహదారి మీద కుర్రాళ్లు స్టంపులు పాతి క్రికెట్ ఆడుతున్నారు. ఎప్పుడూ లారీల కింద నలిగే ఆ రోడ్డుకు ఒకరోజు సెలవు దొరికినట్టుంది. పద్మజ ఆ దారంతా ముభావంగానే ఉంది. ఎండకు అలసిపోయిందనుకున్నాను.

రెండున్నరకు బడి చేరాం. కామత్ సార్ నిమ్మరసం ఇప్పించారు. పొడవాటి భోజనాల హాల్లో బల్లలు తీసేసి చాపలు పరిచారు. గోడ పక్కన ఒక సన్నటి ముసలావిడ కూర్చుని ఉంది. అరవై దాటి చాలా ఏళ్లయి ఉంటుంది, మనిషి నా భుజం ఎత్తుకు వస్తుందేమో. సెన్సే ఆమే. మేం వంగి నమస్కరిస్తే ఆమె కూడా అంతే వంగి నమస్కరించారు.

నాలుగింటికి నన్నూ పద్మజనూ పిలిచారు. పద్మజ పట్టుకుంది, నేను తిరిగాను, ఆమె పడింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ పడింది. అంతా నున్నగా, ఎక్కడా తడబాటు లేకుండా సాగుతోంది. మనసులో ఎగిరి గంతేస్తున్నాను. అప్పుడు సెన్సే చప్పట్లు చరిచి ఆపేశారు. లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. సిటీ బస్సులో బ్రేకు పడినప్పుడు మనం రాడ్ పట్టుకుంటామే, అలా పట్టుకున్నారు. నేను తిరగబోయాను. తిరగలేదు. భుజం దించాను, కాలు మార్చాను, ఇంకో వైపు లాగాను. ఎనిమిదేళ్ల విద్య ఏమైపోయిందో, నేను అక్కడే పాతిన గుంజలా నిలబడ్డాను.

ఆమె ఇంగ్లీషులో రెండు ముక్కలు, జపాన్ భాషలో నాలుగు ముక్కలు చెప్పారు. కామత్ సార్ మాకు విడమరిచారు. పద్మజ పట్టు అబద్ధం. ఆమె నా చేతిని పట్టుకోవడం లేదు, ముట్టుకుంటోంది. నేను తిప్పకముందే పడిపోతోంది. నేను కూడా నిజంగా తిప్పడం లేదు, ఎలాగూ పడుతుంది కదా అని చేతులు ఊపుతున్నాను. “ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి భయంగా ఉంది. వంగి నమస్కరించేటప్పుడు మర్యాద చాలు. రేపు ఉదయం మళ్లీ చూస్తాను” అన్నారట.

మా అమ్మ నూలుకు రంగులు అద్దేముందు చిటికి కట్టేది. రంగు అంటకూడని చోట నూలును దారంతో బిగించి కట్టడాన్ని చిటికి అంటారు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి పువ్వంతా పాడైపోతుందని నా వేళ్ల మీద ఎన్నిసార్లు కొట్టిందో. ఆ ఇంట్లో పుట్టినదాన్ని, వదులు కట్టును ఇంతకాలం గుర్తుపట్టలేకపోయానే అని సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపం కూడా వచ్చింది. ఆ కోపం పద్మజ మీదికి మళ్లింది.

దీపాలు పెట్టే వేళకు ఇద్దరం బోరింగ్ దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాం. “మీరు గట్టిగ పట్టుకుంటే ఇంత దూరం ఒచ్చేది కాదు కదా పద్మజ గారూ” అన్నాను. అంతే. ఆమె చెంబు నేలకేసి కొట్టింది.

“గారూ ఏంటి గారూ? ఆర్నెల్ల నుంచీ నన్ను చుట్టపు చూపుగా వచ్చినదాన్ని చేసేశావు. కుర్చీలేస్తావు, టీలు తెప్పిస్తావు. ఇవాళ ఏకంగా మూగదాన్ని చేశావు. ఆ పెద్దావిడ కన్నకూతురికి పెట్టినట్టు అన్నం పెట్టింది. బాగుందమ్మా అని ఒక్క మాట చెప్పలేకపోయాను. తిండి పెట్టిన మనిషి దగ్గర అబద్ధమాడించావు నాచేత!”

“నీకేమన్న అయితదని భయపడ్డ. తప్పా?”

“నన్ను కాపాడమని నిన్ను అడిగానా? ఆవిడ నన్నేం చేసేది? నీకు నా మీద నమ్మకం లేదా, మీ వాళ్ల మీద నమ్మకం లేదా?”

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం మా ఇంటి ఆనవాయితీ. “మా తమ్ముడు ఏండ్లకేండ్లు మీ కోచింగుల్లనే ఫీజులు కట్టిండు. కొలువు రాలే. క్లాసుల నోరు తెరిస్తే వాని మాటకు నవ్విండ్రు. నాకు తెలంగాణ కావాలె. రావాలెనని దండం పెట్టుకుంటున్న. నీ ముంగట ఎన్నడన్న అన్ననా? నువ్వు బాధపడ్తవని నోరు కట్టేసుకున్న!”

“అను! అనాల్సింది నాతోనే కదా! నీ రాష్ట్రం రానీ, నేనేమైనా వద్దన్నానా? నన్ను ఉండమంటావా, పొమ్మంటావా? అదొక్కటి చెప్పు చాలు. మా ఆయన విజయవాడలో ఇల్లు చూశారు. సోమవారం అడ్వాన్స్ ఇస్తారట. మా పిల్ల పుట్టింది కొత్తపేటలో. అది ‘ఎట్ల, గట్ల’ అనే మాట్లాడుతుంది. దాన్ని తీసుకెళ్లి అక్కడ ఏమని చెప్పను?”

షెడ్డు పోతుందనే భయంతో ఇన్నాళ్లూ చచ్చాను గానీ, మనిషే పోతుందని నాకు తట్టనేలేదు. “పోతనంటే కాళ్లు ఇరగ్గొడ్త” అన్నాను. అని, ఏడ్చేశాను. ఆమె కూడా ఏడ్చింది. కామత్ సార్ గోల విని తలుపు తీసి చూసి, మళ్లీ మెల్లగా వేసేసుకున్నారు.

ఆ రాత్రి భోజనంలో సాంబారన్నం, అప్పడం పెట్టారు. ఇద్దరం ఒకే కంచంలో అప్పడాలు పెట్టుకుని తిన్నాం. ఏ సమస్యా తీరలేదు. నాకు తెలంగాణ కావాలి, ఆమెకు భయంగానే ఉంది, విజయవాడ ఇల్లు విజయవాడలోనే ఉంది. కానీ ఆకలి మాత్రం శుభ్రంగా వేసింది.

ఆదివారం పొద్దున ఏడింటికి మళ్లీ చాప మీదికి వెళ్లాం. పద్మజ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అబ్బ, ఏం పట్టు అది! ఐదు వేళ్లూ ఎముకకు తగిలాయి. లాగాను, కదల్లేదు. ఆమె కళ్లలోకి చూస్తే కొంచెం కూడా జాలి లేదు. తర్వాత లాగడం మానేశాను. బెంగళూరులో నేర్పినట్టు భుజం వదిలేసి, చెన్నైలో నేర్పినట్టు పాదం ఆమె వెనక్కి జార్చి, ఆమె ఎటు తోస్తోందో అటే తిరిగాను. పద్మజ ధబీమని పడింది. పడినదల్లా దొర్లి లేచి మళ్లీ అదే పట్టు పట్టింది. మూడుసార్లలో ఒకసారి నేను ఓడిపోయాను, తిప్పలేకపోయాను. జుట్టు రేగిపోయి, ఎద్దుల్లా రొప్పుతూ ఎంతసేపు చేశామో తెలియదు. నిన్నటి నున్నదనం ఒక్క చోటా లేదు.

సెన్సే మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. నాకు అర్హత ఇచ్చారు, ఒక్క ఏడాదికే. వచ్చే ఏడాది మళ్లీ చూస్తారట. ఒక షరతు పెట్టారు, ఇదే జోడీతో రావాలి. కామత్ సార్ ఆ మాట తెలుగులోకి, ఇంగ్లీషులోకి, అవసరం లేకపోయినా కన్నడంలోకి కూడా మార్చి చెప్పారు. నాకు సంతోషం సగమే అయింది. మిగతా సగం పద్మజ చేతిలో ఉంది. ఆమె మాత్రం తలవంచుకుని చాప అంచు సరిచేస్తూ కూర్చుంది.

పదకొండింటికి తిరుగు ప్రయాణం. ఆదివారం కాబట్టి దిగ్బంధానికి విరామం ఇచ్చారు. ఆర్టీసీ బస్సులు లేకపోయినా ఆటోలు తిరుగుతున్నాయి. అబ్దుల్లాపూర్‌మెట్ సెంటర్‌లో మిర్చి బజ్జీలు తిని, దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ అడిగిన రేటుకు బేరమాడే ఓపిక ఇద్దరికీ లేదు. నిన్న ప్రాణం పోయేట్టు నడిచిన రోడ్డంతా పక్కనుంచి ఇట్టే జారిపోతోంది. ఎంత దూరం నడిచానో అనుకున్న రోడ్డు ఇంతేనా అనిపించింది. ఇన్నేళ్లు నేను పెద్ద పెద్ద ఊళ్లు తిరిగి గురువుల దగ్గర విడుపు నేర్చుకున్నాను. మనిషిని గట్టిగా పట్టుకోవడం మాత్రం మా ఇంటి వెనకాల ఊళ్లో, బోరింగ్ దగ్గర నేర్చుకున్నాను.

హయత్‌నగర్ దాటుతుండగా పద్మజ ఫోన్ మోగింది. వాళ్లాయన.

“ఆఁ, వస్తున్నామండీ. పాసయ్యాం… వినండి, రేపు అడ్వాన్స్ ఇవ్వకండి… లేదండీ, వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష ఉంది, ఇద్దరం వెళ్లాలి… భయం లేదని నేనెక్కడన్నాను? ఉంది. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. గట్టిగానే మాట్లాడుకుందాం.” ఫోన్ పెట్టేసి కిటికీ లేని ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను కొయ్య కత్తుల మూట ముడి విప్పి మళ్లీ కట్టాను. ఏమన్నా అడిగితే ఏడుస్తానని నాకు తెలుసు.

ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డ్రైవర్ అద్దంలోంచి నా చేతి వైపు చూశాడు. మణికట్టు చుట్టూ ఐదు వేళ్ల గుర్తులు నీలంగా కమిలి ఉన్నాయి.

“ఎవరు పట్టిండ్రక్కా గట్ల?”

“ఈమెనే, తమ్మీ.”

అతను వెనక్కి తిరిగి పద్మజను చూశాడు. ఫోన్లో ఆమె మాట విన్నాడు కాబట్టి ఆమెది ఎటువైపో అతనికి తెలిసిపోయింది. “మరి నువ్వేం చేసినవ్?”

“కింద పడేసిన.”

“పడేసినంక?”

నేను నోరు తెరిచేలోపే పద్మజ ముందుకు వంగింది.

“లేచి మళ్లీ పట్టుకున్నాను బాబూ. వదుల్తానా?”